వాళ్లు అన్నదెంత, మనం అనుకున్నదెంత?

మాది పలమనేరు దగ్గర పల్లె. తిరుపతిలో ఒక హోటల్ రిసెప్షన్‌లో చేరి నాలుగు నెలలైంది. మొదటి వారంలో నేను ఫోన్‌లో ‘ఈడే ఉండా సార్’ అంటే పక్కనున్న ఇద్దరు నవ్వినారు. అప్పట్నుంచీ నోరు తెరవాలంటే భయం. రూం రేటు చెప్పేటప్పుడు కూడా మాట తడబడతా ఉంది. అందరూ నా యాసనే పట్టి చూస్తా ఉన్నారనిపిస్తుంది. యాస మార్చుకోవాలా?

యాస జోలికి ఇప్పుడే పోకండి. తడబాటుకు కారణం అది కాదు. అతిథికి రేటు చెబుతూనే, ఆ చెప్పే మాట ఎలా వినిపిస్తోందో మీరే కాపలా కాస్తున్నారు. ఒకే మనసుతో రెండు పనులు. కాపలాకే సగం ధ్యాస పోతే, చెప్పాల్సిన మాట మధ్యలో తెగుతుంది. తెగగానే ‘చూశావా, నాకు మాట్లాడటం రాదు’ అని ఇంకో రుజువు జమ అవుతుంది. ఎదుటివాళ్లకు మీ లోపలి భయం కనబడదు. పొడిపొడి జవాబు, పక్కకు తిరిగిన చూపు మాత్రమే కనబడతాయి. వాళ్లు దాన్ని విసుగనో పొగరనో చదువుకుంటారు.

చార్లెస్ కూలీ అనే అమెరికా సమాజ శాస్త్రవేత్త 1902లోనే దీన్ని అద్దంతో పోల్చాడు. ఎదుటివాళ్లకు నేనెలా కనిపిస్తున్నానో ఊహించుకుంటాను. దాన్ని బట్టి వాళ్లు నా గురించి ఏం తీర్పు ఇచ్చి ఉంటారో ఊహించుకుంటాను. ఆ తీర్పుకు గర్వపడతాను, లేదా సిగ్గుపడతాను. సిగ్గు నిజమే, కానీ దానికి ముందున్న రెండు మెట్లూ మన ఊహే.

ఆ ఊహ ఎంత పెద్దదవుతుందో చూపించిన ప్రయోగం ఒకటి 2000లో అచ్చయింది. కార్నెల్ విశ్వవిద్యాలయంలో కొందరు విద్యార్థులకు నలుగురిలో వేసుకోవడానికి సిగ్గుపడే టీషర్టు తొడిగి, మిగతావాళ్లున్న గదిలోకి పంపారు. చొక్కా మీద ఎవరి బొమ్మ ఉందో సుమారు సగం మంది గుర్తిస్తారని వేసుకున్నవాళ్లు అనుకున్నారు. గుర్తించింది నాలుగో వంతు. మీది ఎదురెదురుగా మాట్లాడే ఉద్యోగం కాబట్టి యాసను ఎవరూ గమనించరని నేను చెప్పను. కానీ మీ కౌంటర్ దగ్గరికి వచ్చేదెవరు? చెన్నై, బెంగళూరుల నుంచి వచ్చేవాళ్లు చాలామంది. వాళ్లకు పలమనేరు తెలుగుకూ విజయవాడ తెలుగుకూ తేడా ఎక్కడ తెలుస్తుంది! రాత్రంతా ప్రయాణం చేసి వచ్చినవాళ్లకు వేణ్ణీళ్లు ఎన్నింటికి వస్తాయో తెలిస్తే చాలు. మీ వైపు చాలామందికి తమిళం, కన్నడం రవంతైనా వస్తాయి. మీకూ వస్తే, ఆ కౌంటర్‌లో అది యాస కంటే ముందు లెక్కకొచ్చే సంగతి.

ఇక చేయాల్సింది. రోజూ చెప్పక తప్పని ఐదు మాటలు రాసుకోండి: రేటు, ఆధార్ అడగడం, ఖాళీ చేయాల్సిన సమయం, వేణ్ణీళ్లు, లిఫ్ట్ ఎటు. పుస్తకాల తెలుగులో వద్దు, మీరు మాట్లాడే తీరులోనే. ఒక్కోదాన్ని ఇంట్లో పదిసార్లు పైకి చెప్పండి. అంకె దగ్గర ఆగండి: ‘ఏసీ రూం... రెండు వేల రెండొందలు.’ నోటికి అలవాటైన మాటకు కాపలా అక్కర్లేదు.

రెండు వారాల పాటు రోజుకు ముగ్గురు అతిథులను ఎంచుకోండి. వాళ్లు వెళ్లిన పది నిమిషాల్లోపు చిన్న నోట్‌బుక్‌లో మధ్యకు గీత గీసి, ఎడమవైపు చూసింది, విన్నది రాయండి. కుడివైపు మీరు అనుకున్నది. ‘ఆఁ? అన్నాడు’ ఎడమవైపు. ‘నా యాస అర్థం కాలేదు’ కుడివైపు. దాని కిందే ఇంకో కారణం కూడా రాయాలి: అప్పుడే ఫోన్ మోగింది, పిల్లవాడు ఏడ్చాడు, ఏదైనా సరే. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, ‘వెక్కిరించాడు’ అని ఎడమవైపు రాయడం. కంటికి కనబడింది నవ్వు వరకే, వెక్కిరింత మనం తగిలించింది. రాత్రి పడుకునేముందు రాయడం కూడా తప్పే. అప్పటికి రెండు గళ్లూ కలిసిపోయి ఉంటాయి.

ఆ ఇద్దరి సంగతి నలుగురిలో తేల్చుకోవద్దు. టీ తాగేటప్పుడు ఒకరినే అడగండి: ‘ఆ పొద్దు నవ్వితిరే, నా మాటకా, వేరే దేనికన్నానా?’ మాటకే అని ఒప్పుకున్నా నష్టం లేదు. ఊహ స్థానంలో ఒక సంగతి చేతికొస్తుంది.

ఇవన్నీ చేసినా డ్యూటీకి వెళ్లాలంటేనే గుండె దడ, నిద్ర లేకపోవడం వారాల తరబడి ఉంటే 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలీ మానస్ సేవ, ఉచితం.

చిత్తూరులో ఉంటాము. కోడలు ఇంటినుంచే కంప్యూటర్ ఉద్యోగం చేస్తుంది. ఏదన్నా అడిగితే తలెత్తకుండా ‘ఊఁ’ అంటుంది. నేనంటే లెక్కలేదనే కదా? కొడుకుతో చెబితే ‘నువ్వే అట్ల అనుకుంటావు’ అంటాడు.

అమ్మా, పోపు మాడిపోతుంటే మీరూ ‘ఊఁ’ అనే అంటారు. అప్పుడు కారణం పొయ్యి. అదే ఎదుటివాళ్లు అంటే కారణం వాళ్ల గుణం అయిపోతుంది. మన తప్పుకు పరిస్థితిని, పరాయివాళ్ల తప్పుకు స్వభావాన్ని కారణంగా చూపే అలవాటు అందరిలో ఉంది. ఇంకో సంగతి కూడా చూసుకోండి. కొడుకు క్రికెట్ చూస్తూ ‘ఊఁ’ అంటే మీకు ఇంత గుచ్చుకుంటుందా? గుచ్చుకోకపోతే, తగిలింది ఆ ‘ఊఁ’ కాదు, ఈ ఇంట్లో నా పెద్దరికం ఏమవుతుందోనన్న బెంగ.

అలాగని కొడుకు మాట పూర్తిగా నిజమని కాదు. కోడలికి నిజంగానే విసుగు ఉండవచ్చు. అడిగితేనే తెలుస్తుంది. అడిగే మాటలో మూడు ముక్కలుండాలి: చూసింది, రెండు కారణాలు, ఒక ప్రశ్న. ‘అమ్మాయ్, పొద్దున కూరేం చేద్దామంటే తలెత్తకుండా ఊఁ అన్నావు. పనిలో ఉన్నావో, నా మాటకు కోపమొచ్చిందో తెలియలేదు. ఏమైంది?’

‘ఎప్పుడూ ఇంతే’ అన్నారంటే చెడిపోతుంది. ఒక్క రోజు, ఒక్క సంగతి చాలు. రెండు కారణాలూ మీరు నిజంగా నమ్మగలిగినవై ఉండాలి. ‘పనిలో ఉన్నావో, పొగరో’ అంటే అది తిట్టే. చెవిలో హెడ్‌సెట్ ఉన్నప్పుడు, చుట్టాల ముందు, కొడుకు ద్వారా అడగవద్దు. ‘మీటింగ్‌లో ఉన్నానత్తా’ అని జవాబొస్తే ఒక వారమైనా నమ్మి చూడండి. ఏ వేళల్లో పిలవకూడదో ఆమెనే అడిగి క్యాలెండర్ పక్కన రాసి పెట్టుకుంటే సగం ‘ఊఁ’లు పోతాయి.

తిరుపతిలో బట్టల కొట్టు ఉంది. కొత్త కుర్రాడు పనికి రాడని మొదటిరోజే తెలిసిపోయింది. నా అంచనా ఎప్పుడూ తప్పదు. అయినా మార్చగలమా?

తప్పకపోవడానికి కారణం మీరే కావచ్చు. 1977లో అచ్చయిన ఒక ప్రయోగంలో మగవాళ్లకు అందమైన, అందంగా లేని అమ్మాయిల ఫొటోలు చూపించి, ‘ఈమెతోనే’ అంటూ ఫోన్‌లో మాట్లాడించారు. ఫొటోలకూ ఫోన్‌లో ఉన్నవాళ్లకూ సంబంధమే లేదు. అయినా అందగత్తె అనుకుని మాట్లాడినప్పుడు అవతలి అమ్మాయే మరింత కలుపుగోలుగా మారింది. కేవలం ఆమె గొంతు విన్న మూడోవాళ్లు ఆ మాట చెప్పారు. పనికిరాడనుకున్న కుర్రాడికి మీరు మడతలు పెట్టే పనే ఇస్తారు, బేరం దగ్గరికి రానివ్వరు. వాడు నేర్చుకునేదెప్పుడు?

పదిహేను రోజులు మిగతావాళ్లతో సమానంగా గిరాకీలను పంపండి. ‘చురుగ్గా ఉండు’ అనకండి, ‘ముందు బడ్జెట్ అడుగు, ఆ తర్వాతే చీర విప్పు’ అనండి. రోజూ ఎంతమందిని చూశాడో, ఎంతమంది కొన్నారో అందరిదీ రాయించండి. అప్పటికీ వెనకబడి ఉంటే మీ మాట నిజం.

రోజూ అద్దం ముందు ‘నేను గొప్పదాన్ని’ అనుకుంటే ఆత్మవిశ్వాసం వస్తుందంటున్నారు. నిజమేనా? (డిగ్రీ విద్యార్థిని, శ్రీకాళహస్తి)

ఇప్పటికే తన మీద మంచి అభిప్రాయం ఉన్నవాళ్లకు కొద్దిగా పనిచేయవచ్చు. తక్కువ అభిప్రాయం ఉన్నవాళ్లకు ఎదురు తిరగవచ్చని 2009లో కెనడా పరిశోధకులు ప్రయోగం చేసి చూపించారు. నమ్మకం లేని మాట పైకి అంటుంటే లోపలి మనసు ‘ఎక్కడ గొప్ప?’ అని లెక్కలు తీస్తుంది. దాని బదులు, కాదనలేని చిన్న సంగతి చెప్పుకోండి: ‘నిన్న క్లాసులో లేచి ఒక ప్రశ్న అడిగాను.’ అడగకపోతే రేపు అడగండి. ముందురోజే కాగితం మీద రాసుకుని, క్లాసు మొదలైన పది నిమిషాల్లోనే. ఆలస్యమయ్యేకొద్దీ లేవడం కష్టమవుతుంది.