ఓనర్ దగ్గరున్న అడ్వాన్సు ఎమర్జెన్సీ ఫండ్ ఎలా అవుతుంది?

ప్రశ్న: బెంగళూరు మారతహళ్లిలో నెలకు 30,000 అద్దె ఇంట్లో ఉంటున్నాం. అడ్వాన్సు 1,80,000 ఇచ్చాను. హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది, వచ్చే నెల చేరాలి. 11 నెలల అగ్రిమెంటు, మొత్తం లాక్-ఇన్ (అంటే మధ్యలో ఖాళీ చేసినా గడువంతా అద్దె కట్టాలి), 7 నెలలే అయ్యాయి. మిగిలిన 4 నెలల అద్దె, పెయింటింగుకు ఇంకో నెల అద్దె పట్టుకుని, ఉన్నది కొత్తవాళ్లు దిగాక ఇస్తానంటున్నారు ఓనర్. చేతిలో 25,000 ఉంది. ఎమర్జెన్సీ ఫండ్ అంటే ఆ అడ్వాన్సే అనుకున్నాను. లోన్ యాప్‌లో 2 లక్షలు తీసుకోనా?

జవాబు: వద్దు. ప్రాసెసింగ్ ఫీజు ముందే కోసుకుని మిగిలింది మీ ఖాతాలో వేస్తారు, కొత్త కంపెనీ మొదటి జీతం పడకముందే ఈఎంఐ మొదలవుతుంది, పాత కంపెనీ సెటిల్‌మెంట్ ఎప్పుడొస్తుందో తెలియదు, అప్పుడు దీన్ని తీర్చడానికి క్రెడిట్ కార్డు గీకుతారు. ఈ వరస చాలామంది దగ్గర చూసి విసిగిపోయాను.

అసలు తప్పు లోన్ కన్నా ముందే జరిగింది. అడ్వాన్సు మీ డబ్బే, కాదనను, కానీ ఇల్లు ఖాళీ చేస్తే తప్ప రాదు, ఖాళీ చేసినా ఇలా కోతలు పోను వస్తుంది. లెక్క వేయండి: 1,80,000లో 1,50,000 పోతే మిగిలేది 30,000, అదీ ఎప్పటికో. దాన్ని పొదుపు కింద రాసుకోవడం మానేయండి. కొత్త జీతం మొదలయ్యాక సిప్‌ల (మ్యూచువల్ ఫండ్లలో నెలనెలా పెట్టుబడి) జోలికి పోకుండా ముందు ఆరు నెలల ఖర్చు, దానిపైన ఒకసారి ఇల్లు మారడానికయ్యే డబ్బు ఎఫ్‌డీలో వేసి పెట్టండి.

ఇప్పటికైతే ఓనర్‌తో బేరం ఆడండి. లాక్-ఇన్ అని సంతకం పెట్టారు కాబట్టి ఏమీ ఇవ్వనంటే కుదరదు. కానీ కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం అగ్రిమెంటులో రాసుకున్న మొత్తం గరిష్ఠ పరిమితి మాత్రమే, దానికి లోబడి సమంజసమైన పరిహారమే దక్కుతుంది. కోర్టుకెళ్లమని కాదు, మాట్లాడేటప్పుడు పనికొస్తుందని చెప్తున్నా. కొత్త అద్దెదారుని మీరే వెతికిపెట్టి, వాళ్లు దిగిన రోజు నుంచి అద్దె కోయనని వాట్సాప్‌లోనైనా రాయించుకోండి. ఆఫీసు గ్రూపులో ఈరోజే పోస్టు పెట్టండి, వారం ఆగితే ఆ వారం అద్దె మీదే.

హైదరాబాద్‌లో వెంటనే ఫ్లాట్ ఎందుకు? నెల, రెండు నెలలు కొండాపూర్ వైపు పీజీలో ఉండండి, కుటుంబం తర్వాత వస్తుంది. రీలొకేషన్ ఖర్చు ఇస్తారేమో కొత్త హెచ్‌ఆర్‌ని అడిగారా? అడగరు చాలామంది, మొహమాటం. పాత కంపెనీ ఇన్సూరెన్స్ ఆఖరి రోజుతో పోతుంది, మధ్యలో గ్యాప్ లేకుండా సొంత పాలసీ ఒకటి చూసుకోండి.

ఖాళీ చేసే రోజు గదులన్నీ, కరెంటు మీటర్ రీడింగుతో సహా, ఓనర్ పక్కనుండగా వీడియో తీయండి. తాళాలు ఇచ్చినట్టు మెసేజ్ పెట్టి, ఎంత పట్టుకున్నారో, మిగతాది ఏ తేదీకి ఇస్తారో దానికే జవాబుగా రాయమనండి.