రివర్స్ గేరు వేయగానే చేతులు ఆడటం లేదు

ప్రశ్న: మేడమ్, నాకు లైసెన్సు వచ్చింది. రోడ్డు మీద ధైర్యంగానే నడుపుతున్నాను. కానీ రెండు కార్ల మధ్య ఖాళీలోకి వెనక్కి పెట్టాలంటే స్టీరింగ్ ఎటు తిప్పాలో తోచదు. వెనక ఎవరైనా హారన్ కొడితే ఇక టెన్షనే. కెమెరా ఉన్నా కుదరడం లేదు. ముందుకే దూర్చేస్తే సరిపోదా?
- ఒక పాఠకురాలు

జవాబు: సరిపోదమ్మా, ఇరుకు చోట అదే ఎక్కువ కష్టం. ముందుకు తిరిగేటప్పుడు వెనక చక్రాలు లోపలికి కోసుకుంటూ వస్తాయి. అందుకే పక్క కారుకు మీ తలుపులు రాసుకుంటాయి. వెనక్కి వెళ్తే వెనక చక్రాలు ముందుగా ఖాళీలోకి చేరతాయి, మిగతా బండిని వాటి వెనకే సర్దుకోవచ్చు. పైగా బయటికి వచ్చేటప్పుడు ఎదురుగా నడిచే పిల్లలు మీ కంటికి కనిపిస్తారు. డ్రైవింగ్ నేర్పేదానిగా నాకు ఇదే పెద్ద కారణం.

ఇక స్టీరింగ్ సంగతి. కారు వెనక భాగం ఎడమకు పోవాలంటే స్టీరింగ్ కూడా ఎడమకే తిప్పాలి. "రివర్స్‌లో అంతా ఉల్టా" అని ఎవరో చెప్పే ఉంటారు. నేర్చుకునేవాళ్లను ఈ ఒక్క మాట చాలా ఇబ్బంది పెడుతోంది, దయచేసి మరచిపోండి.

ఖాళీ మీకు ఎడమవైపు ఉందనుకుందాం. ఆగి ఉన్న కార్లకు ఒక మీటరు పైనే ఎడం ఉంచి, ఖాళీని దాటి ముందుకు వెళ్లండి. దాటుతూనే బండి ముక్కును కాస్త కుడికి తిప్పి ఆపండి. ఇప్పుడు మీ డిక్కీ ఖాళీ వైపు చూస్తుంటుంది, సగం పని అయిపోయినట్టే. చాలామంది ఈ అడుగు వదిలేసి, ఆ తర్వాత స్టీరింగ్‌తో కుస్తీ పడతారు.

ఎడమ అద్దాన్ని వెనక టైరు, నేల కనిపించేలా కొంచెం కిందికి వంచండి. హాఫ్ క్లచ్ మీద, మనిషి నడక కంటే నెమ్మదిగా కదలండి. ఆటోమేటిక్ అయితే కాలు బ్రేకు మీదే ఉండాలి. వెనక టైరుకూ పక్క కారు మూలకూ మధ్య ఎడం తగ్గుతుంటే ఆపేయండి. ఆపి, ముందుకు జరిగి, మళ్లీ రావడం తప్పేమీ కాదు, నేను రోజూ చేస్తాను. రెండు అద్దాల్లోనూ నేల మీది పార్కింగ్ గీతలు సమానంగా కనిపించగానే చక్రాలు నిటారు చేయండి. చాలా కార్లలో మధ్య నుంచి చివరిదాకా స్టీరింగ్ దాదాపు 1.5 చుట్లు తిరుగుతుంది, అంతే వెనక్కి విప్పాలి.

ఇంతసేపూ అందరూ వెనకే చూస్తారు, కానీ తగిలేది కుడి ముందు మూల. వెనక భాగం ఎడమకు పోతుంటే అది బయటికి విసురుగా వస్తుంది. కెమెరాకు ఆ మూల కనపడదు. సన్నటి స్తంభాన్ని సెన్సార్ కూడా ఒక్కోసారి పట్టుకోదు. అందుకే కెమెరాను ఒక చూపు చూసి, మెడ తిప్పి, అద్దాలు చూసి, మళ్లీ ముందు మూల చూసుకోండి.

మొదట ఖాళీ స్థలంలో 2.5 మీటర్ల ఎడంతో నాలుగు అట్టపెట్టెలు పెట్టి సాధన చేయండి. చిన్న కారు వెడల్పు 1.7 మీటర్ల లోపే, కాబట్టి పక్కకు 40 సెంటీమీటర్లు మిగులుతుంది. అట్టపెట్టె తగిలినా బండికి గీత పడదు.

హారన్ కొట్టేవాళ్ల కోసం కంగారు పడొద్దు. ఖాళీ కనిపించగానే ఇండికేటర్ వేయండి, చాలామంది ఆగుతారు. ఆగకపోతే వాళ్లను పోనిచ్చి, దారి ఖాళీ అయ్యాకే రివర్స్ గేరు వేయండి.