ఎక్కించే ముందే ఛాతీ చూడాలి

“యుద్ధంలో దెబ్బ తగిలిన జవాన్ని హెలికాప్టర్‌లో నేరుగా పెద్దాసుపత్రికి తీసుకుపోవచ్చు కదా, మధ్యలో చిన్న ఆసుపత్రిలో ఎందుకు ఆపుతారు?” అని పలాస నుంచి అడిగారు. మీ అన్నయ్య లేహ్ వైపున్నారన్నారు కాబట్టి అక్కడి సంగతే చెప్తానమ్మా.

ఛాతీలో తూటా దిగిందనుకోండి. ఊపిరితిత్తికి చిల్లు పడి చుట్టూ గాలి చేరుతుంది. నేల మీద ఉన్నంతసేపూ మనిషి మాట్లాడతాడు, మంచినీళ్లడుగుతాడు. పైకెళ్లేకొద్దీ బయట ఒత్తిడి తగ్గి ఆ గాలి ఉబ్బుతుంది. సముద్ర మట్టం నుంచి 8,000 అడుగులకెళ్తే మూడో వంతు పైగా పెరుగుతుంది. హెలికాప్టర్‌లో విమానంలోలా ఒత్తిడి నిలబెట్టే ఏర్పాటుండదు. ఉబ్బిన గాలి గుండెని నొక్కేస్తుంది, ఆ రొదలో స్టెతస్కోపు పెట్టినా ఏమీ వినబడదు. అందుకే కిందే, ఆ చిన్న ఆసుపత్రిలోనే, ఛాతీలో ట్యూబు వేసి, గాలి బయటికి మాత్రమే పోయే వాల్వు తగిలిస్తారు. మామూలుగా ఆసుపత్రిలో ఆ ట్యూబుకి తగిలించే నీళ్ల సీసా కుదుపులకి ఒరిగిపోతుంది, పనికిరాదు. గాలి బయటికి పోకుండా ట్యూబుకి క్లాంపు బిగించి ఎక్కించడమంటే మనిషి మీద ఆశ వదులుకోవడమే. ఊపిరి కోసం గొంతులోకి వేసే గొట్టం చివరనుండే గాలిబుడగా అలాగే ఉబ్బుతుంది. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ దాని ఒత్తిడి చూస్తూ ఉండాలి.

తర్వాత ఆక్సిజన్. నిమిషానికి 10 లీటర్ల చొప్పున రెండు గంటలకి 1,200 లీటర్లు. మబ్బులు కమ్మి వెనక్కి తిరగొచ్చు, దిగాక అంబులెన్స్ కోసం ఆగాల్సిరావొచ్చు. కాబట్టి రెట్టింపు పెట్టుకోవాలి. కోవిడ్‌లో మనవాళ్లు పరుగులు పెట్టి తెచ్చుకున్న బి టైపు సిలిండర్‌లో ఉండేది సుమారు 1,500 లీటర్లే. ఒక్క మనిషికే రెండు కావాలన్నమాట. టీవీల్లో కూర్చుని హెలికాప్టర్లు లెక్కపెట్టేవాళ్లు ఈ సిలిండర్ల మాట ఒక్కనాడూ ఎత్తరు. నాకు మండేది అక్కడే.

దిగే చోటు సంగతీ అంతే. తుపాను తర్వాత మన ఉద్దానంలో హెలికాప్టర్ శబ్దం వింటే చాలు, జనం మైదానంలోకి పరిగెడతారు. చుట్టూ కరెంటు తీగలు, ఎగిరే టార్పాలిన్లు. రెక్కల గాలికి ఒక్క టార్పాలిన్ లేచి వాటికి చుట్టుకుంటే అందరూ పోతారు. సైన్యంలో ఆ చోటు ముందే చూసి, శుభ్రం చేసి ఉంచుతారు. గాలి వాటం తెలియడానికి పొగ పెడతారు.

ఎంఐ-17 హెలికాప్టర్‌లో 12 స్ట్రెచర్లు, ఏఎన్-32 విమానంలో 24 పడతాయి. పడతాయి కదా అని నింపేస్తే, అవతల ఖాళీగా ఉన్న ఆపరేషన్ టేబుళ్లు రెండే అయితే మిగతావాళ్లు వరండాలో రక్తం కారుతూ ఉండాలి. లెక్క చండీగఢ్ దగ్గర చండీమందిర్‌లో ఉన్న సైన్యం పెద్దాసుపత్రి, కమాండ్ ఆసుపత్రిలో ఖాళీ మంచాల దగ్గర మొదలుపెట్టి వెనక్కి రావాలి. ఎక్కించేటప్పుడు కూడా అంతే: ప్రాణం మీదున్నవాణ్ణి అందరి తర్వాత ఎక్కించి, నర్సింగ్ అసిస్టెంట్ చెయ్యి అందే ఎత్తులో పెడతారు. దించేది ముందు అతన్నే.