రెండు రెట్లు పెరిగితే ఎంత?

సందేహం: వేట నిషేధం రోజుల్లో వంజరం చేప ధర 'రెండు రెట్లు పెరిగింది' అని పేపర్లో రాశారు. అంతకుముందు కిలో 600 రూపాయలనుకుంటే ఇప్పుడు 1200 అన్నట్టా, 1800 అన్నట్టా? మావారు 1200 అంటారు. ఇంజనీరింగ్ చదివే మా అబ్బాయి 1800 అని వాదిస్తున్నాడు. ఎవరిది రైటు? పనిలో పనిగా రెట్లకూ గుణిజాలకూ తేడా కూడా చెప్పండి.
– ఒక పాఠకురాలు, అక్కయ్యపాలెం, విశాఖపట్నం

సమాధానం: అమ్మా, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవలు వేటకు వెళ్ళవు కాబట్టి ఫిషింగ్ హార్బర్లో సరుకు తగ్గుతుంది, ధర ఎక్కుతుంది. ఎంత ఎక్కిందో చెప్పడంలోనే ఉంది చిక్కంతా.

వాడుక మీవారి పక్షాన ఉంది. అలాగని మీ అబ్బాయి మాట కొట్టిపారేయడానికి వీల్లేదు. 'రెండు వందలు పెరిగింది' అంటే పాత ధరకు రెండు వందలు కలుపుతాం. అదే లెక్కన 'రెండు రెట్లు పెరిగింది' అంటే 600కు 1200 కలపాలి కదా అంటాడు అతను. వాక్యం కట్టు చూస్తే అతనిదే సబబు. కానీ అతని పద్ధతిలో 600 కాస్తా 1200 అయినప్పుడు 'ఒక రెట్టు పెరిగింది' అనాల్సి వస్తుంది. అలా అనే తెలుగువాణ్ణి నేనింకా చూడలేదు. పూర్ణా మార్కెట్లో ఎవర్ని కదిపినా 'డబలైపోనాదమ్మా' అంటారు. 'రెండు రెట్లు' అని చెవిన పడగానే మనకు తోచేది పెరిగాక తేలిన మొత్తమే.

పది రెట్లు, వంద రెట్లు అన్నప్పుడు ఒక రెట్టు అటూఇటూ అయినా ఎవరూ పట్టించుకోరు. రెండు, మూడు దగ్గరే పేచీ. అందుకని రాసేటప్పుడు 'పెరిగింది' మానేసి 'రెండు రెట్లయింది' అనో, 'రెట్టింపయింది' అనో రాస్తే ఇంట్లో గొడవ ఉండదు. శాతాల్లో మాత్రం మీ అబ్బాయి పద్ధతే చెల్లుతుంది: 100 శాతం పెరిగితే రెట్టింపు, 200 శాతం పెరిగితే మూడు రెట్లు.

'రెట్టించు' నుంచి వచ్చింది రెట్టింపు, 'తగ్గించు' నుంచి తగ్గింపు వచ్చినట్టే. అందులోనే రెండు ఉంది. కాబట్టి 'మూడు రెట్టింపులు' అని రాస్తే లెక్క ప్రకారం ఎనిమిది రెట్లవుతుంది. రాసినవారి ఉద్దేశం మాత్రం మూడే. దానికి మూడింతలు, మూడు రెట్లు ఉండనే ఉన్నాయి. ఇనుమడించడమన్నా రెట్టింపు కావడమే. సభల వార్తల్లో 'ఉత్సాహం మూడింతలుగా ఇనుమడించింది' అని కనిపిస్తే నాకు నవ్వాగదు.

ఇంతకంటే పెద్ద తంటా తగ్గడంతో వస్తుంది. నిషేధం ఎత్తేశాక 900 ఉన్న ధర 'మూడు రెట్లు తగ్గింది' అంటే ఏమనుకోవాలి? 900కు మూడు రెట్లు 2700. అంత తగ్గితే చేప ఇచ్చి ఎదురు 1800 కూడా ఇవ్వాలి! 300 అయిందని చెప్పదలిస్తే 'మూడో వంతుకు తగ్గింది' అనాలి. 'మూడో వంతు తగ్గింది' అంటే మాత్రం 300 పోయి 600 మిగిలినట్టు. ఆ చిన్న 'కు' ఖరీదు ఇక్కడ అక్షరాలా మూడు వందల రూపాయలు. పత్రికల్లో వార్తలు దిద్దే డెస్కులో టెన్షన్ మీద ఉన్నవాళ్ళు తరచూ మింగేసేది దాన్నే.

ఇక గుణిజం. ఇది బడి లెక్కల మాట, పూర్ణసంఖ్యలతోనే దీనికి పని. 'నాలుగు మూళ్ళు పన్నెండు' అని ఎక్కం చదివితే 12 అనేది 4కు గుణిజం, 3కు కూడా గుణిజం. రెట్టుకు ఆ పట్టింపు లేదు. 15 అనేది 10కి ఒకటిన్నర రెట్లు, కానీ 10కి గుణిజం కాదు. సున్నా మాత్రం ప్రతి పూర్ణసంఖ్యకూ గుణిజమే, ఎందుకంటే దేన్ని సున్నాతో హెచ్చవేసినా వచ్చేది సున్నా. గుణిజాన్ని గుణకంతో కలపకండి. హెచ్చవేసే సంఖ్య గుణకం, హెచ్చవేయగా వచ్చింది గుణిజం.

మీ అబ్బాయి ఇంకా వాదిస్తే ఒక్క ప్రశ్న వేయండి. మైనస్ 3కు రెట్టింపు మైనస్ 6. సంఖ్యలుగా చూస్తే మైనస్ 3 కంటే మైనస్ 6 చిన్నది. మరి రెట్టింపయింది కదా, పెరిగిందనాలా, తగ్గిందనాలా? 3000 అప్పు 6000 అయితే 'అప్పు పెరిగింది' అంటాం, 'చేతిలో ఉన్నది తగ్గింది' అని కూడా అంటాం. 'అప్పు రెట్టింపయింది' అంటే మాత్రం ఏ పేచీ లేదు.