చిన్నప్పుడు ఉంది, పెద్దప్పుడు ఎందుకు లేదు?

సందేహం: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మా ఇంటి మూడు తరాల చిన్ననాటి ముచ్చట్లను ఒక పుస్తకంగా కూరుస్తున్నాను. మా నాన్నగారి నోటుపుస్తకంలో "నా చిన్నప్పుడు మన ఊరు మద్రాసు రాజధానిలో ఉండేది" అని ఉంది. నేను "నా బాల్యంలో" అని మొదలుపెట్టాను. అమెరికాలో పెరుగుతున్న మనవడు "నేను చిన్నగా ఉన్నప్పుడు మంచులో ఆడుకున్నాను" అని రాసి పంపాడు. పుస్తకమంతటా ఒకే మాట ఉండాలని మా అబ్బాయి పట్టుబడుతున్నాడు. ఏది సరైనది? "చిన్నపుడు" అని ఒకే పకారంతో వేయవచ్చా?

సమాధానం: మూడింటినీ ఒకే మాటకు దించే పని మాత్రం చేయకండి. ముగ్గురి మాటలూ ముగ్గురివిగానే ఉండాలి. ఇక మీ ఉత్తరంలో నేను ముందుకు సాగలేక ఆగిపోయింది మీ నాన్నగారి వాక్యం దగ్గర.

"చిన్నప్పుడు" అని రోజూ అంటాం గానీ ఆ మాటలోని వింతను గమనించం. పెళ్లప్పుడు, పండగప్పుడు, వరదలప్పుడు, కోతలప్పుడు అంటాం. "అప్పుడు" ఇలా వచ్చి చేరేది జరిగి ముగిసే సంగతులకు. వయసులకు చేరదు. పెద్దప్పుడు అనం, ముసలప్పుడు అనం. పెద్దయ్యాక అంటాం, ముసలితనంలో అంటాం. వయసులన్నింటిలో చిన్నతనాన్ని ఒక్కదాన్నే తెలుగు తీసుకుపోయి పెళ్లిళ్ల సరసన, పండగల సరసన కూర్చోబెట్టింది. "చిన్ననాడు" కూడా అంతే, దానికి జోడుగా "పెద్దనాడు" పుట్టలేదు.

ఆ "అప్పుడు"లోని అకారాన్నీ చూడండి. అది దూరాన్ని చూపే అకారం. అప్పుడు, ఇప్పుడు రెండూ ఉన్న భాషలో చిన్నప్పుడు ఉంది, చిన్నిప్పుడు లేదు. చిన్నతనంలో ఉన్నవాళ్లకు ఈ మాటతో పని లేదు, దాటి వచ్చినవాళ్లదే ఇది. అయిదేళ్ల పిల్ల కూడా "నా చిన్నప్పుడు ఈ గౌను వేసుకునేదాన్ని" అంటుంది, తాను దాటి వచ్చాననే ధీమాతో. పోతన కృష్ణుడు "అమ్మా! మన్నుఁ దినంగ నే శిశువునో యాఁకొంటినో వెఱ్ఱినో" అని తల్లిని నిలదీసేదీ ఆ ధీమాతోనే. నేనింకా పసివాణ్నా అని అడుగుతున్నాడంటే, పసితనం తనకు ఎప్పుడో వెనకబడిందని ఆ పిల్లవాడి లెక్క. ఎన్నిసార్లు చదివినా ఆ "శిశువునో" దగ్గర నాకు కళ్లు చెమ్మగిల్లుతాయి.

మరి "అప్పుడు" ఎక్కడిది? తమిళంలో "అప్పొళుదు" ఉంది, అంటే ఆ పొద్దు. మన "అప్పుడు" దానికి తోబుట్టువని భాషాశాస్త్రం చెబుతుంది. రాయలసీమలో నేటికీ ఈరోజును "ఈపొద్దు" అంటారు కదా! కాబట్టి మీ నాన్నగారి "చిన్నప్పుడు"లో ఒక సూర్యుడు దాగి ఉన్నాడు. మీ వీధిలో వినిపించే ఒడియా మాట ఇక్కడ చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. వారు చిన్నతనాన్ని "పిలాదిన" అంటారు, "పిలాబేళ" అనీ అంటారు. దినం, వేళ! మన చిన్ననాడులోని నాడూ దినమే. ఆ "పిలా" మన "పిల్ల"కు చుట్టమని, ద్రావిడ భాషల నుంచి వెళ్లిందని చాలామంది పండితుల అభిప్రాయం. పక్కపక్క ఇళ్లలో ఉంటూ రెండు భాషలూ చిన్నతనాన్ని పొద్దులతోనే కొలుచుకున్నాయి. అటు మహారాష్ట్ర సరిహద్దున, సిరొంచ వైపు తెలుగువారు వినే మరాఠీ "లహాన్‌పణ్" మాత్రం మన "చిన్నతనం"తో సరితూగుతుంది, అందులో పొద్దు లేదు.

ఆ అకారపు దూరం మీ ఇంట్లో మైళ్లలో కొలిచేది కాదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమై పర్లాకిమిడి అందులో కలిసింది. నౌపడ నుంచి మీ ఊరికి 1900లో మొదలైన చిన్న రైలు, తరువాత గుణుపురం దాకా సాగి, 2004 వరకు నడిచింది. మీ నాన్నగారి చిన్నప్పుడూ మీ చిన్నప్పుడూ కూత పెట్టింది ఆ రైలే, రాష్ట్రమే వేరు. మీ మనవడికి దేశమే వేరు.

"బాల్యంలో" తప్పు కాదు. అయితే అది బాల్యం, కౌమారం, యౌవనం అని వరసపెట్టి చదువుకునే మాట. ఈ మధ్య ఏ పత్రిక తిరగేసినా "మధుర బాల్యస్మృతులు". చద్దన్నం గురించి, చెరువులో ఈత గురించి రాసే వ్యాసానికి అంత పట్టుబట్ట ఎందుకండీ? మీరూ "నా చిన్నప్పుడు" అనే రాసి చూడండి, కలం ఎంత తేలికగా సాగుతుందో.

మనవడి "చిన్నగా" సంగతి. చిన్నగా నడు, చిన్నగా మాట్లాడు, ఇల్లు చిన్నగా ఉంది, ఇవి నిఖార్సైన తెలుగు. "నేను చిన్నగా ఉన్నప్పుడు" మీద ఇంగ్లీషు నీడ ఉంది. కానీ "పిల్లలు చిన్నగా ఉన్నప్పుడే ఆయన పోయాడు" అని మన ఇళ్లలోనూ వింటూనే ఉంటాం కనుక దాన్ని తప్పు అని కొట్టేయడానికి నాకు చేయి రాదు. పైగా మీది గిడుగు రామమూర్తి పంతులుగారు వాడుక భాష కోసం పోరాడిన ఊరు. వాడుకను కాదనమని మీకెలా చెప్పను? నా కోపం, ఫోనులో ఆ పిల్లవాడితో ఇంగ్లీషే మాట్లాడే పెద్దల మీద. "చిన్నప్పుడు" చెవిన పడకుండా నోట ఎలా వస్తుంది? ఆ వాక్యాన్ని ముట్టుకోకుండా అచ్చు వేయండి.

"చిన్నపుడు" గురించి: పద్యంలో అపుడు, ఇపుడు చెల్లుతాయి. వచనంలో నేను రెండు పకారాలే రాస్తాను.

మీ నాన్నగారి నోటుపుస్తకంలో "ఆ పొద్దు" అని ఎక్కడైనా కనిపిస్తే ఆ వాక్యాన్ని నాకు రాసి పంపగలరా?