ఓడిపోతున్న మ్యాచ్‌లో మంచి ప్లేయర్‌ను బయటికి తియ్యాలా?

నన్ను ఈ ప్రశ్న అడిగిన ఒక తమ్ముడి కాలేజీ ఫుట్‌బాల్ టీమ్ సెకండాఫ్ మొదట్లోనే 0-3తో వెనకబడిందట. ఇక ఈ మ్యాచ్ రాదులే అని కోచ్ వాళ్ల బెస్ట్ ఫార్వర్డ్‌ను బయటికి పిలిచి, తర్వాతి మ్యాచ్ కోసం రెస్ట్ ఇచ్చాడట. అది కరెక్టేనా అని అడుగుతున్నాడు. నా దృష్టిలో కాదు. తొడ పట్టేసినా, తలకు దెబ్బ తగిలినా, ఎండకు కళ్లు తిరుగుతున్నా క్షణం ఆగకుండా తియ్యాలి, గెలుస్తున్న ఫైనల్ అయినా సరే. స్కోరు చూసి మాత్రం తియ్యకూడదు.

బాస్కెట్‌బాల్ బాగా చూసేవాళ్లు దీనికి ఒప్పుకోరు. అక్కడ తేడా మరీ ఎక్కువైతే స్టార్లను బెంచ్ మీద కూర్చోబెట్టడం మామూలే. కానీ అక్కడ కూర్చున్నవాణ్ణి రెండు నిమిషాల తర్వాత మళ్లీ దింపొచ్చు. అమెరికన్ ఫుట్‌బాల్‌లోనూ అంతే. మన ఫుట్‌బాల్‌లో ఒకసారి గీత దాటి బయటికి వచ్చాడంటే ఆ మ్యాచ్‌కు వాడి పని అయిపోయినట్టే. చిన్నపిల్లల మ్యాచుల్లో, వెటరన్స్ మ్యాచుల్లో తిరిగి దింపుకునే వెసులుబాటు ఇవ్వొచ్చని రూల్ ఉంది గానీ కాలేజీ టోర్నమెంట్లలో అది ఎవరు ఇస్తారు? మీవాళ్లు పది నిమిషాల్లో రెండు గోల్స్ కొట్టి మ్యాచ్ మళ్లీ చేతికొచ్చినా, మీ ఫార్వర్డ్ చెప్పులేసుకుని నిలబడి చూడాల్సిందే.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, ఇది నా కళ్లముందే జరిగింది. మేం కాజీపేట రైల్వే కాలనీ పోరగాళ్లం. ఒక ఎండాకాలం గోదావరిఖనిలో టోర్నమెంట్ ఉందంటే భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి రామగుండంలో దిగి, బూట్లు మెడలో వేలాడేసుకుని ఆటోల్లో ఇరుక్కుని వెళ్లాం. గనుల ఊరు కదా, గ్రౌండ్‌లో మట్టితో పాటు నల్లటి దుమ్ము. ఒక్కసారి జారి పడితే మోచేతుల నుంచి మోకాళ్ల దాకా నల్లగా అయ్యేది. నేను స్టాపర్‌ని, అంటే మా గోల్ ముందు నడిమధ్యలో నిలబడి అడ్డుకునే డిఫెండర్‌ని. మా సెంటర్ ఫార్వర్డ్ లోకో షెడ్డులో పనిచేసే ఫిట్టర్ గారి అబ్బాయి, నాకన్నా చిన్నవాడు, పొట్టివాడు. గోల్ వైపు వీపు పెట్టి బాల్ తీసుకునేవాడు, మోచేతులు కొంచెం బయటికి చాపి ఎప్పుడూ ఎడమకే తిరిగేవాడు. ఎడమకే తిరుగుతాడని ప్రతి టీమ్‌కూ తెలుసు. అయినా ఆపినవాళ్లు తక్కువ.

నాలుగు టీముల గ్రూపు, రెండు టీములు పైకి వెళ్తాయి. మొదటి మ్యాచ్ 2-0తో గెలిచాం. రెండోది అక్కడి లోకల్ టీమ్‌తో. హాఫ్ టైమ్‌కు మేం 0-2. వాళ్లు మంచి టీమ్, అందులో అనుమానం లేదు. కానీ ఆ సగంలో వాళ్ల స్టాపర్, పక్కనున్న బ్యాక్ ఇద్దరూ మావాణ్ణి వదిలి అడుగు కదల్లేదు. వాడికి బాల్ వచ్చింది చాలా తక్కువ, వచ్చినా ఇద్దరూ మీద పడేవాళ్లు. బయటి నుంచి చూసేవాళ్లకు "వీడు ఇవాళ ఆడట్లేదు" అనిపించి ఉంటుంది. వెనక నిలబడ్డ నాకు మాత్రం లెక్క స్పష్టంగా కనిపించేది: వాడొక్కడు వాళ్లవాళ్లు ఇద్దరిని కట్టేసి ఉంచాడు. దాంతో మా మీదికి వచ్చేవాళ్లు ఇద్దరు తగ్గారు.

సెకండాఫ్ మొదలై కాసేపటికే మా కోచ్ చెయ్యెత్తి వాణ్ణి బయటికి పిలిచాడు. "రేపు పొద్దుగాల మ్యాచుంది, వీణ్ణి దాచిపెట్టుకుందాం" అన్నాడు. వాడికి ఏ నొప్పీ లేదు, అలసట కూడా లేదు. షామియానా కిందికి వెళ్లి కూర్చుని లేసులు విప్పాడు, బూట్లు తీసి ఒకదానితో ఒకటి కొట్టి దుమ్ము దులిపాడు. వాళ్ల స్టాపర్ అదంతా చూస్తూనే ఉన్నాడు. బూటు కాలి నుంచి ఊడిందో లేదో, వెనక్కి తిరిగి తనవాళ్లకు "ఇగ వాడు లేడు, పైకి నడువుండ్రి!" అని అరిచాడు. ఆ అరుపు నాకు ఇప్పటికీ గుర్తుంది. తర్వాత వచ్చిన కార్నర్‌కు అదే స్టాపర్ మా గోల్ ముందుకొచ్చి, నా భుజం మీదుగా లేచి హెడర్ కొట్టాడు. మూడో గోల్. దాని తర్వాత మావాళ్లలో పరుగెత్తేవాడే లేడు. మా కీపర్ బాల్ తన్నితే ముందు తీసుకునేవాడు లేక అది అలాగే మా మీదికే తిరిగొచ్చేది. 0-5.

మర్నాడు పొద్దున మేం 3-1తో గెలిచాం. రెస్ట్ తీసుకున్నవాడే రెండు కొట్టాడు. కోచ్ ముఖం వెలిగిపోయింది. మధ్యాహ్నం పాయింట్ల పట్టిక అంటించారు. మూడు టీములకు సమానంగా ఆరు పాయింట్లు, గోల్ తేడా, అంటే కొట్టిన గోల్స్‌లోంచి తిన్నవి తీసేస్తే మిగిలేది, మాది మైనస్ ఒకటి. బయటికి పోయింది మేమే. ముందురోజు 0-2 దగ్గర ఆగి ఉంటే ప్లస్ రెండుతో హాయిగా పైకి వెళ్లేవాళ్లం. ఏ మ్యాచ్ కోసం వాణ్ణి దాచారో ఆ మ్యాచ్ గెలిచాం, ఆ గెలుపు మాత్రం ఎందుకూ పనికి రాలేదు.

తిరుగు రైల్లో తలుపు దగ్గర నిలబడి వాడు నన్ను అడిగిన మాట ఒక్కటే: "అన్నా, నేనేం తప్పు జేసిన?" కోచ్‌లు ఇది ఆలోచించరు. మీరు రెస్ట్ అనుకుని తీస్తారు, పద్దెనిమిదేళ్ల పిల్లవాడు దాన్ని శిక్ష అనుకుంటాడు. గ్రౌండ్‌లో మిగిలిన పదిమందికి అర్థమయ్యేది ఇంకొకటి: సార్ మన మీద ఆశ వదిలేశాడు.

ఇదేదో ఊళ్లో ఆట, పెద్ద ఫుట్‌బాల్‌లో ఇలా ఉండదు అనుకోవద్దు. 2011-12లో ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్ ఎలా తేలిందో చూడండి. మాంచెస్టర్ సిటీకి, మాంచెస్టర్ యునైటెడ్‌కు చెరి 89 పాయింట్లు. గోల్ తేడా ఎనిమిది ఎక్కువ ఉండటంతో టైటిల్ సిటీకి పోయింది. ఆ సీజన్‌లో అక్టోబర్ 23న సిటీ యునైటెడ్‌ను వాళ్ల సొంత గ్రౌండ్‌లోనే 6-1తో కొట్టింది. అందులో మూడు గోల్స్ మ్యాచ్ ముగియబోతుండగా పడ్డవే. అప్పటికి అందరి లెక్కలో అది పోయిన మ్యాచే కదా! ఆ ఒక్క రోజే ఒకరికి ఐదు కలిశాయి, ఇంకొకరికి ఐదు పోయాయి. లీగ్‌లో పోయిన మ్యాచ్ అనేది ఉండదు, ఎంత తేడాతో పోయిందన్న లెక్క సీజన్ చివరిదాకా నడుస్తూనే ఉంటుంది.

నాకౌట్‌లో ఇంకా చెప్పక్కర్లేదు. 2005 చాంపియన్స్ లీగ్ ఫైనల్, ఇస్తాంబుల్. హాఫ్ టైమ్‌కు లివర్‌పూల్ మీద మిలాన్ 3-0. కెప్టెన్ స్టీవెన్ జెరార్డ్‌ను బయటికి తియ్యాలన్న ఆలోచన లివర్‌పూల్ కోచ్ బెనిటెజ్‌కు వచ్చే ప్రశ్నే లేదు. 54వ నిమిషంలో జెరార్డ్ హెడర్‌తో మొదలై ఆరు నిమిషాల్లో మూడు గోల్స్ పడ్డాయి, చివరికి పెనాల్టీల్లో గెలిచారు. ఎక్స్‌ట్రా టైమ్‌లో అదే జెరార్డ్ రైట్ బ్యాక్‌గా నిలబడి డిఫెన్స్ చేశాడు. 2022 వరల్డ్ కప్ ఫైనల్లో ఫ్రాన్స్ కోచ్ దెషాంప్ హాఫ్ టైమ్ కాకముందే జిరూను, డెంబెలేను తీసేశాడు, తర్వాత గ్రీజ్‌మన్‌ను కూడా. ముగ్గురూ పేరున్నవాళ్లే. కానీ అది రెస్ట్ కోసం కాదు, కొత్త కాళ్లతో మ్యాచ్‌ను లాగుదామని. ఎంబాపేను మాత్రం ముట్టుకోలేదు. 80వ నిమిషం దాకా 0-2తో ఉన్న ఫ్రాన్స్‌కు వాడు రెండు నిమిషాల్లోపే రెండు గోల్స్ ఇచ్చాడు. ఆఖరికి పెనాల్టీల్లో అర్జెంటీనాయే గెలిచింది, నిజమే. కానీ ఎంబాపేను డెబ్బయ్యో నిమిషంలో కూర్చోబెట్టి ఉంటే ఆ మ్యాచ్ గురించి ఇవాళ ఎవరైనా మాట్లాడుకునేవాళ్లా?

"పోయే మ్యాచే కదా, చిన్నోళ్లకు చాన్స్ ఇద్దాం" అనే మాట కూడా తరచూ వింటుంటాను. వినడానికి బాగుంటుంది. 0-4 దగ్గర, అందరూ తలలు వేలాడేసిన టీమ్‌లోకి బెంచ్ మీది పిల్లవాణ్ణి తోస్తే వాడు నేర్చుకునేది భయం ఒక్కటే. వాడికి బాల్ కూడా రాదు, వచ్చినా పాస్ ఇవ్వడానికి ముందు మనిషి ఉండడు. చాన్స్ ఇవ్వాలంటే స్టార్‌ను ఉంచండి, వాడి పక్కన ఆడుతున్నవాణ్ణి తీసి ఈ పిల్లవాణ్ణి అక్కడ పెట్టండి. మంచి ఆటగాడి పక్కన ఇరవై నిమిషాలు పరుగెత్తితే ఎప్పుడు పాస్ అడగాలో, ఎప్పుడు ఖాళీ జాగాలోకి పోవాలో వాడికే తెలుస్తుంది. మా గ్రౌండ్‌లో సాయంత్రాలు పిల్లలకు ఆట నేర్పుతుంటాను, అక్కడ నేను చేసేది ఇదే. నిజామాబాద్ జిల్లా నుంచి గుగులోత్ సౌమ్య దేశానికి ఆడుతోంది. మా దగ్గరికి వచ్చే ఆడపిల్లలకు ఆ పేరు చెప్తే కళ్లు పెద్దవవుతాయి. అలాంటి ఒక్క అమ్మాయి టీమ్‌లో ఉంటే, ఆమె పక్కన ఆడటమే మిగతావాళ్లకు కోచింగ్.

ఇక అసలు రెస్ట్ గురించి. పిల్లలు అలసిపోతున్నారంటే దానికి కారణం ఓడిపోతున్న మ్యాచ్‌లోని చివరి అరగంట కాదు, షెడ్యూల్. పొద్దున సెమీస్, సాయంత్రం ఫైనల్! అదీ మే నెలలో, రామగుండం వైపు 45 డిగ్రీలు కాసే రోజుల్లో. ముఖ్య అతిథి గారికి ఆదివారం సాయంత్రమే వీలవుతుందని పదహారు టీముల టోర్నమెంట్‌ను మూడు రోజుల్లో ముగించేస్తారు. గ్రౌండ్ పక్కన డాక్టర్ ఉండడు, ఐస్ కావాలంటే సోడా బండి దగ్గరికి పరుగెత్తాలి. ట్రోఫీ మాత్రం నడుమెత్తు ఉంటుంది. ఆ ట్రోఫీ డబ్బుల్లో సగం పెట్టి ఇంకో రోజు టోర్నమెంట్ నడిపితే ఏ కోచ్‌కూ ఎవరినీ దాచుకోవాల్సిన అవసరం రాదు.

గ్రౌండ్ల సంగతి ఎత్తితే ఇంకా కోపం వస్తుంది. ఎగ్జిబిషన్ వాళ్లకు ఇస్తారు, మీటింగులకు ఇస్తారు, వాళ్లు పోయాక గుంజలు పాతిన గుంతలు అలాగే ఉంటాయి. పైన మట్టి కప్పినట్టే ఉంటుంది, పరుగులో కాలు పడితే మడమ మెలి తిరుగుతుంది. ప్రాక్టీస్ మొదలుపెట్టే ముందు మా పిల్లలు వరసగా నడుస్తూ మేకులు ఏరుతారు. స్టార్ ప్లేయర్‌ను కాపాడుకోవాలన్న ఆరాటం ఉన్నవాళ్లు ముందు ఆ గుంతలు పూడ్పించండి.

ఇంకో మాట కూడా చెప్పాలి, ఎందుకంటే నేను చెప్పింది పట్టుకుని కొందరు కోచ్‌లు దెబ్బ తగిలినవాణ్ణి కూడా ఆడిస్తారు. షామియానా కింద కూర్చున్న పెద్దమనుషులు 1962 జకార్తా కథ చెప్తారు. హైదరాబాద్ రహీం సాబ్ కోచ్, తలకు గాయమైన జర్నైల్ సింగ్‌ను ఫైనల్లో ఫార్వర్డ్‌గా దింపితే అతను గోల్ కొట్టాడు, దక్షిణ కొరియాను 2-1తో ఓడించి ఏషియన్ గేమ్స్ బంగారం తెచ్చాం. గొప్ప విషయమే, తలుచుకుంటే ఒళ్లు పులకరిస్తుంది. కానీ దాన్ని చూపించి కుంటుతున్న ఇంటర్ పిల్లవాణ్ణి "ఆడు బిడ్డా, ఏం కాదు" అనడం అన్యాయం. పరుగు మధ్యలో తొడ వెనక చెయ్యి పెట్టుకున్నాడంటే అయిపోయింది, అప్పటికప్పుడు తియ్యాలి. ఇంకో పది నిమిషాలు లాగితే వారంలో తగ్గేది నెలలకు పోతుంది. తలకు తగిలి ఒక్క క్షణం తూలినా అంతే. ఇప్పుడు చాలా పోటీల్లో ఐదుగురిని మార్చుకోవచ్చు కదా, వాటిని ఇలాంటి వాటికి ఉంచుకోండి. ఒక ఎల్లో కార్డు పడి, కోపంతో రెండోదాని వైపు పోతున్నవాణ్ణి కూడా తీయొచ్చు. రెడ్ పడితే ఆ మ్యాచ్ పదిమందితో, తర్వాతి మ్యాచ్ వాడు లేకుండా ఆడాలి.

కాబట్టి తమ్ముడూ, మీ కోచ్ సార్‌తో గొడవ పెట్టుకోకు. తర్వాతి టోర్నమెంట్‌లో మొదటి మ్యాచ్‌కు ముందే నువ్వూ మీ కెప్టెనూ ఆర్గనైజర్ల దగ్గరికి వెళ్లండి. పాయింట్లు సమానమైతే ముందు ఏది చూస్తారు, గోల్ తేడానా, ఆ రెండు టీముల మధ్య మ్యాచ్ రిజల్టా అని అడిగి, రాసి ఇమ్మనండి. నోటిమాట వద్దు, చివరి రోజు మాట మారుస్తారు. ఆ కాగితం సార్ చేతికిచ్చి, "సార్, 0-3 దగ్గర కూడా మనకు ప్రతి గోల్ లెక్కకొస్తుంది" అని నెమ్మదిగా చెప్పండి. ఆ రోజు మీ ఫార్వర్డ్‌కు కాలు బాగుంటే మాత్రం, చివరి విజిల్ దాకా గ్రౌండ్‌లోనే ఉంచమని అడగండి.