పొగబండి ఎక్కేవారి ప్రశ్నలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఊటీ కొండరైలు గురించే. డార్జిలింగ్, రేవారీ, అమెరికాలోని కొలరాడో రైళ్ల మీద అడిగినవాళ్లకీ జవాబులు ఇక్కడే ఇస్తున్నాం.

ప్రశ్న: పోయిన వేసవిలో ఊటీ వెళ్లి అక్కడి నుంచి కూనూరుకి టాయ్ ట్రైన్ ఎక్కాం. మొదటి నుంచి చివరిదాకా డీజిల్ ఇంజినే ఉంది. పిల్లలు బొగ్గు ఇంజిను ఏదని ఏడుపు. మేం ఎక్కడ పొరపాటు చేశాం?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీరు ఎంచుకున్న ముక్కలోనే ఉందమ్మా పొరపాటు. మేట్టుపాళయం నుంచి ఊటీ దాకా దారి 46 కిలోమీటర్లు. అందులో ఆవిరి ఇంజిను పనిచేసేది కింద మేట్టుపాళయం నుంచి కూనూరు వరకే. కూనూరులో దాన్ని తీసేసి డీజిల్ తగిలిస్తారు. ఊటీ–కూనూరు మధ్య రోజుకి నాలుగైదు బళ్లు తిరుగుతాయి, టిక్కెట్లు సులువుగా దొరుకుతాయి, అందుకే చాలామంది అదే ఎక్కి నిరాశపడతారు. ఆవిరి కావాలంటే ఉదయం 7.10కి మేట్టుపాళయంలో బయల్దేరే బండి ఎక్కాలి, లేదా మధ్యాహ్నం 2 గంటలకు ఊటీలో బయల్దేరి కిందికి దిగేది. రెండిట్లో మా ఓటు ఎక్కే బండికే. ఇంజిను బలమంతా ఎక్కడంలో తెలుస్తుంది, దిగేటప్పుడు దాని పని బండిని ఆపి పట్టుకోవడమే.

టిక్కెట్టు ఐఆర్‌సీటీసీలో దొరుకుతుంది. సాధారణ రైళ్లకి ఇప్పుడున్న 60 రోజుల గడువు తెరుచుకున్న రోజు ఉదయం 8 గంటలకే కూర్చోండి. ఏప్రిల్, మే నెలలకైతే మధ్యాహ్నానికే వెయిటింగ్ లిస్టు పడుతుంది. నెల్లూరు, విజయవాడ వైపు నుంచి వచ్చేవాళ్లు రాత్రి చెన్నై సెంట్రల్‌లో నీలగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారి ఆరుంబావు ప్రాంతంలో మేట్టుపాళయంలో దిగుతారు, ఎదురుగానే కొండరైలు. హైదరాబాదు నుంచి కోయంబత్తూరు మీదుగా వచ్చేవాళ్లు మాత్రం ముందురోజే చేరుకుని నిద్ర చేయండి. అదే రోజు పొద్దున దిగి అందుకుందామని లెక్క వేసుకోవద్దు.

ఇంకో మాట. బొగ్గు ఇంజిను అని పిల్లలకి మాట ఇవ్వకండి, ఆవిరి ఇంజిను అని చెప్పండి. తిరుచ్చి గోల్డెన్ రాక్ వర్క్‌షాపులో కొత్తగా కట్టిన ఇంజిన్లలో ఎక్కువ భాగం చమురు మండించేవి. ఆ రోజు ఏది వస్తుందో ముందే తెలియదు. బాయిలరు, సిలిండర్లు, చప్పుడు మాత్రం రెండింటికీ ఒకటే.

ప్రశ్న: ఊటీ రైలుకి ఇంజిను వెనక ఎందుకు పెడతారు? పట్టాల మధ్య ఉన్న పళ్ల కమ్మీ సంగతేమిటి? నేను మెకానికల్ డిప్లొమా విద్యార్థిని, వివరంగా చెప్పగలరు.
– ఒక విద్యార్థి, కాకినాడ

జవాబు: మేట్టుపాళయం నుంచి కల్లార్ వరకు 8 కిలోమీటర్లు ఇంచుమించు మామూలు రైలే. కల్లార్ దాటాక పన్నెండున్నర మీటర్లు ముందుకు పోతే ఒక మీటరు పైకి ఎక్కాలి. నున్నటి చక్రం నున్నటి పట్టా మీద అంత వాలులో పట్టు దొరక్క జారుతుంది. అందుకని రెండు పట్టాల నడుమ పళ్లున్న ఉక్కు కమ్మీలు రెండు పక్కపక్కన బిగించారు. ఒకదాని పన్ను ఉన్నచోట రెండోదాని సందు వచ్చేలా అమర్చారు కాబట్టి, ఇంజిను కింద ఉన్న పళ్లచక్రానికి ఏ క్షణంలోనైనా ఏదో ఒక పన్ను గట్టిగా దొరుకుతుంది. స్విట్జర్లాండ్ ఇంజనీరు రోమన్ ఆబ్ట్ కనిపెట్టిన పద్ధతి ఇది. కమ్మీ మొదలయ్యే కొసముక్క స్ప్రింగుల మీద ఉంటుంది. చక్రం పన్ను సరిగ్గా కమ్మీ పన్ను మీదే వచ్చి కూర్చున్నా ఆ ముక్క కాస్త కిందికి ఒదిగి రెండూ కుదురుకుంటాయి. అక్కడ డ్రైవరు బండిని నడక వేగానికి తగ్గిస్తాడు. మీరు మాట్లాడటం ఆపి వినాల్సిన చోటు అది.

ఇక మీ చదువుకి పనికొచ్చేది ఇంజిను. ఎక్స్ తరగతి అంటారు, మొదటివి స్విట్జర్లాండ్‌లోని వింటర్‌తూర్‌లో తయారయ్యాయి. ఒక్కో పక్క రెండేసి చొప్పున నాలుగు సిలిండర్లు, ఒకదాని మీద ఒకటి. కింది జత మామూలు చక్రాలను తిప్పుతుంది, పై జత పళ్లచక్రాలను తిప్పుతుంది. చదును దారిలో కింది జత మాత్రమే పనిచేసి, వాడిన ఆవిరిని పొగగొట్టంలోంచి వదిలేస్తుంది. పళ్ల కమ్మీ మీదికి వచ్చాక డ్రైవరు ఆ వాడిన ఆవిరిని బయటికి పోనివ్వకుండా పై సిలిండర్లలోకి మళ్లిస్తాడు. ఒకే ఆవిరి రెండు చోట్ల పనిచేసి పోతుంది. పై జతకీ పళ్లచక్రానికీ మధ్య గేర్లు ఉండటంతో పై కడ్డీలు కింది కడ్డీలకు ఎదురుదిశలో, వాటికంటే వేగంగా తిరుగుతాయి. అందుకే కల్లార్ దాటాక బండి నెమ్మదించినా పొగగొట్టం చప్పుడు ఒక్కసారి జోరందుకున్నట్టు వినిపిస్తుంది.

ఇంజిను వెనక ఎందుకంటే, బండి ఎక్కేటప్పుడు వెనకంటే దిగువ వైపు. ముందు నుంచి లాగితే కొక్కెం తెగిన రోజు పెట్టెలన్నీ కిందికి జారిపోతాయి. దిగువన ఇంజిను నిలబడి నెడుతుంటే ఆ భయం లేదు, బరువంతా దాని మీదే ఆనుతుంది. ముందు దారి డ్రైవరుకి కనబడదు కాబట్టి ప్రతి పెట్టె కొస అరుగు మీదా ఒక బ్రేక్స్‌మన్ ఉంటాడు. మొదటి పెట్టె మీదున్న మనిషి జెండా చూపితే ఆ సంకేతం ఒకరి నుంచి ఒకరికి డ్రైవరు దాకా వెళుతుంది. పళ్ల దారిలో వేగం గంటకి 13 కిలోమీటర్లు దాటదు. 1899లో కూనూరు దాకా, 1908లో ఊటీ దాకా వేసిన ఈ లైను ఇవాళ్టికీ అలాగే నడుస్తోంది.

ప్రశ్న: ఊటీ దారిలో బండి చాలాసార్లు ఆగిందట, అరగంట ఆలస్యమైందట. ఇంజిను పాతదనా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: పాతదని కాదండీ, దాహమని. వాడిన ఆవిరి మళ్లీ నీరై బాయిలరులోకి రాదు, గాల్లో కలిసిపోతుంది. ఒక కిలో బొగ్గు మండితే ఆరేడు లీటర్ల నీళ్లు ఆవిరవుతాయి. ఇంత ఎత్తు ఎక్కే ఇంజినుకి దారిలో నీళ్లు పట్టక తప్పదు. హిల్‌గ్రోవ్, రన్నీమీడ్ లాంటి చోట్ల ఆగేది అందుకే.

ఆలస్యానికి ఇంకో కారణం ఆవిరి ఒత్తిడి. ఫైర్‌బాక్సు, అంటే నిప్పు మండే పెట్టె, పైరేకు మీద ఎప్పుడూ నీళ్లు నిలిచి ఉండాలి. రేకు బయటపడితే అది ఎర్రగా కాలి మెత్తబడి బాయిలరు పగిలే ప్రమాదం ఉంది. అందుకే ఆ రేకులో సీసం బిరడా పెడతారు, నీళ్లు తగ్గితే సీసం కరిగి ఆవిరి మంట మీద పడి హెచ్చరిస్తుంది, మంటనీ తగ్గిస్తుంది. నిప్పు చూసుకునే ఫైర్‌మన్ కళ్లు గాజుగొట్టంలో కనబడే నీటి మట్టం మీదే ఉంటాయి. మట్టం పడిపోతోందని చన్నీళ్లు ఎక్కిస్తే ఒత్తిడి తగ్గుతుంది, ఎక్కించకపోతే రేకు బయటపడుతుంది. ఏటవాలు మీద మట్టం ఒక పక్కకి ఒరిగి చూపిస్తుంది కాబట్టి లెక్క ఇంకా కష్టం. ఒత్తిడి బాగా పడిపోతే బండిని నిలిపి, మంట పుంజుకునేదాకా ఆగడమే సరైన పని. అలా ఆగిన బండిని చూసి విసుక్కోకండి, లోపల ఇద్దరు మనుషులు చేయాల్సిందే చేస్తున్నారు.

పొగగొట్టంలోంచి నల్లపొగ దట్టంగా వస్తుంటే మంటకి గాలి చాలట్లేదని. పలచటి బూడిదరంగు పొగ వస్తే నిప్పు సరిగ్గా ఉన్నట్టు. పొగతో పాటు నీటి జల్లు పడితే బాయిలరులో నీళ్లు పొంగి సిలిండర్లలోకి పోతున్నాయన్నమాట. నీళ్లలో ఉప్పు, మురికి పేరుకుంటే అలా అవుతుంది, అందుకే కొన్నాళ్లకొకసారి బాయిలరు మొత్తం ఖాళీ చేసి కడుగుతారు.

ప్రశ్న: మా అమ్మగారికి ఆస్తమా. ఆవిరి రైల్లో తీసుకెళ్లవచ్చా? కళ్లల్లో నుసి పడుతుందంటారు, నిజమేనా?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: నిజమే. ఆస్తమా ఎక్కువగా ఉన్నవారికి ముందు డాక్టరుని అడిగే నిర్ణయం తీసుకోండి. వెళ్లేట్టయితే ఎక్కే బండిలో ముందు పెట్టె మేలు, ఇంజిను వెనక చివర ఉంటుంది కాబట్టి. ఫస్ట్ క్లాసు సాధారణంగా ముందు పెట్టెలోనే ఉంటుంది. దిగే బండిలో ఇంజిను ముందుంటుంది, పొగంతా పెట్టెల మీదుగా పోతుంది, ఆవిడకి అది వద్దు. దారిలో 16 సొరంగాలున్నాయి. సొరంగం నోరు కనబడగానే కిటికీ దించేసి, దాటాక పది అంకెలు లెక్కపెట్టి తెరవండి. ఇన్‌హేలరు చేతిసంచిలోనే ఉంచండి, పెద్ద పెట్టెలో పడేయొద్దు.

నుసికి మామూలు కళ్లద్దాలు చాలు. కాంటాక్ట్ లెన్సులు వద్దే వద్దు. కంట్లో పడితే నలపకండి, నలిపితే గరుకు నుసి కంటిపొరని గీరుతుంది. సీసాలో నీళ్లతో కడగండి. తెల్ల చీర, తెల్ల చొక్కా ఆ రోజుకి మానేయండి. ఊటీ 2,200 మీటర్ల ఎత్తు, స్వెటరు పైకి అందేలా పెట్టుకోండి. హిల్‌గ్రోవ్‌లో కోతులున్నాయి, తినుబండారాలు కిటికీ దగ్గర పెట్టకండి.

ప్రశ్న: నవంబరులో ఊటీ రైలు ప్రయాణం పెట్టుకోవచ్చా?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: పెట్టుకోకపోతే మంచిది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలకి కల్లార్–కూనూరు మధ్య కొండచరియలు విరిగి పట్టాల మీద పడతాయి, బండి రోజుల తరబడి రద్దవుతుంది. రైల్వే రద్దు చేస్తే డబ్బు పూర్తిగా తిరిగి వస్తుంది. ఆ కాలంలోనే వెళ్లక తప్పకపోతే, కూనూరు–ఊటీ డీజిల్ బండికి కూడా విడిగా టిక్కెట్టు తీసిపెట్టుకోండి. కింది భాగం మూతపడ్డా పైది నడిచే అవకాశం ఉంటుంది, కూనూరు దాకా బస్సులో వెళ్లొచ్చు.

ప్రశ్న: డార్జిలింగ్‌లో న్యూ జల్పాయ్‌గుడి నుంచి పూర్తి ప్రయాణం చేయాలా, జాయ్ రైడ్ చాలా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ఆవిరి కోసమైతే జాయ్ రైడే. న్యూ జల్పాయ్‌గుడి నుంచి వెళ్లే 88 కిలోమీటర్ల బండికి డీజిల్ ఇంజిను. జాయ్ రైడ్ డార్జిలింగ్ నుంచి ఘూమ్‌కి వెళ్లి వెనక్కి వస్తుంది, రెండు గంటలు. పట్టాలు గుండ్రంగా చుట్టు తిరిగే బతాసియా లూప్‌లో కాసేపు, ఘూమ్‌లో మ్యూజియం చూడ్డానికి అరగంట ఆగుతుంది. బుకింగులో స్టేషను కోడ్లు డీజే నుంచి డీజేఆర్‌జడ్ అని కొట్టాలి. జాయ్ రైడ్‌లలో డీజిల్ ఇంజినువీ ఉన్నాయి, స్టీమ్ అని రాసి ఉన్నదే ఎంచుకోండి.

ఘూమ్ 2,258 మీటర్ల ఎత్తు, డార్జిలింగ్ దానికంటే దిగువ. కాబట్టి వెళ్లేటప్పుడే ఇంజిను కష్టపడేది, రికార్డు చేసేవాళ్లు ఆ సగంలోనే చేసుకోవాలి. ఇక్కడ పళ్ల కమ్మీ లేదు. రెండడుగుల గేజు (పట్టాల మధ్య వెడల్పు) మీద చిన్న బీ తరగతి ఇంజిను, మంచుకి తడిసిన పట్టాల మీద చక్రం జారకుండా ముందు దిమ్మె మీద ఇద్దరు కూర్చుని చేత్తో ఇసుక చల్లుతారు. ఆ చేతిపనిని దగ్గరగా చూడండి. ఎక్కువ చల్లితే వెనక పెట్టెల చక్రాలకి బిగువు, తక్కువైతే ఇంజిను జారుడు.

ప్రశ్న: ఫెయిరీ క్వీన్ ఇప్పుడు ఎక్కడుంది?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: ఈ పాత ఆవిరి ఇంజినుకి ఇల్లు హర్యానాలోని రేవారీ స్టీమ్ షెడ్డు. 1855లో ఇంగ్లండులోని లీడ్స్‌లో తయారైంది, 1997లో బాగుచేసి మళ్లీ ప్రయాణికుల బండికి కట్టారు. ప్రత్యేక ప్రయాణాలు ఏటేటా మారుతుంటాయి, ప్రకటన చూశాకే బయల్దేరండి. రేవారీ వెళితే డబ్ల్యూపీ తరగతి బ్రాడ్‌గేజ్ ఇంజిన్లని చూడండి. ఒకప్పుడు మన మెయిల్ బళ్లు లాగింది ఆ గుండ్రని మూతివే.

ప్రశ్న: డల్లాస్‌లో ఉంటున్నాం. ఊటీ రైలు అంతటి అనుభవం ఇక్కడ ఎక్కడైనా దొరుకుతుందా?
– ఒక తెలుగు కుటుంబం, టెక్సస్

జవాబు: కొలరాడో వెళ్లండి. డురాంగో–సిల్వర్టన్ లైను 45 మైళ్లు, మూడడుగుల గేజు, 1882 నాటిది. ఎక్కడానికి మూడున్నర గంటలు పడుతుంది. ఆ వైపే ఉన్న కంబ్రెస్ అండ్ టోల్టెక్ లైను 64 మైళ్లు, 10,015 అడుగుల కనుమ దాటుతుంది. అక్కడి వాలు నూటికి నాలుగు, అంటే ఊటీ వాలులో సగం. అందుకే పళ్ల కమ్మీ లేకుండా చక్రాల పట్టుతోనే ఎక్కగలుగుతుంది. రెండు చోట్లా 1925లో బాల్డ్విన్ కంపెనీ చేసిన కే-36 ఇంజిన్లున్నాయి. రెండోది వేసవి నుంచి అక్టోబరు దాకానే నడుస్తుంది. ఆ ఎత్తులో పిల్లలకి తలనొప్పి రావచ్చు, ముందురోజు రాత్రి కొండ ఊళ్లోనే ఉండి నీళ్లు బాగా తాగించండి.

ప్రశ్న: ఫోనుతో వీడియో తీస్తే గాలి హోరు తప్ప ఇంజిను చప్పుడు రావట్లేదు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ఫోను కిటికీ బయటికి చాపితే అంతే. కిటికీ అంచుకి జానెడు లోపల పట్టుకుని, మైకు రంధ్రం మీద పలచటి స్పాంజి ముక్క అంటించండి. ఊటీ బండిలో ఎక్కేటప్పుడు వెనక పెట్టె దొరికితే అంతకంటే కావలసిందేముంది. బొమ్మకైతే పొద్దున చలిలో తీసినదే బాగా వస్తుంది. అసలు ఆవిరి కంటికి కనబడదు, చల్లగాలి తగిలి నీటి బిందువులుగా మారాకే తెల్లగా కనబడేది, ఎండెక్కాక ఆ తెలుపు పలచబడిపోతుంది. పట్టాల మీదికి దిగి సెల్ఫీలు, సొరంగంలో డ్రైవరు ముఖం మీద ఫ్లాష్ అసలే వద్దు. హిల్‌గ్రోవ్‌లో నీళ్లు పట్టేటప్పుడు దిగి, ప్లాట్‌ఫాం మీద ఇంజినుకి పది అడుగుల దూరంలో నిలబడి తీయండి. కూత వేశారంటే వెంటనే ఎక్కేయాలి. నీళ్లు నిండాక ఆ బండి ఎవరి కోసమూ ఆగదు.